బిజినెస్ డేటా అనలిటిక్స్ డిగ్రీ: పేరు ఒకటే, లోపల చదువు ఎందుకింత తేడా?

బిజినెస్ డేటా అనలిటిక్స్ చదువుదాం అనుకునేవాళ్ళకి మొదటి చిక్కు పేర్ల దగ్గరే వస్తుంది. బిజినెస్ అనలిటిక్స్, డేటా అనలిటిక్స్, డేటా సైన్స్, బిజినెస్ ఇంటెలిజెన్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్... సిలబస్‌లు తెరిచి చూస్తే పైథాన్, స్టాటిస్టిక్స్, డాష్‌బోర్డులు అన్నిట్లోనూ కనిపిస్తాయి, ఇక తేడా ఏంటో అర్థం కాదు. కానీ చదువు అయ్యాక చూస్తే తేడా గట్టిగానే ఉంటుంది. ఒక చోట చదివినవాళ్ళు మోడల్ (పాత డేటా చూసి అంచనా వేసే లెక్క) చకచకా కట్టేస్తారు కానీ అది దేనికి పనికొస్తుందో చెప్పమంటే మాట తడబడుతుంది, ఇంకో చోట చదివినవాళ్ళు ప్రెజెంటేషన్ అదరగొడతారు కానీ రెండు టేబుల్స్ కలపమంటే ఆగిపోతారు.

క్లుప్తంగా

ఒకే పేరున్న డిగ్రీ ఏ డిపార్ట్‌మెంట్ నడుపుతోంది అన్నదాన్ని బట్టి లోపల చదువు మారిపోతుంది. చాలా కోర్సుల్లో బరువంతా మోడలింగ్ మీద ఉంటుంది, అసలు పని మాత్రం దానికి ముందూ వెనకా ఉంటుంది: ప్రశ్నని సరిగ్గా పెట్టుకోవడం, డేటాని నమ్మదగ్గట్టు చేసుకోవడం, వచ్చిన జవాబుతో ఒక నిర్ణయం జరిగేలా చూడటం. ఏఐ టూల్స్ వచ్చాక ఆ మధ్య భాగం సులువైంది, రెండు చివర్ల విలువ పెరిగింది.

ఏ డిపార్ట్‌మెంట్ అన్నది ఎందుకంత ముఖ్యం

యూనివర్సిటీలో కొత్త కోర్సు ఆకాశం నుంచి ఊడిపడదు, ఉన్న డిపార్ట్‌మెంట్లలో ఎవరో ఒకరు దాన్ని ఎత్తుకుంటారు. కంప్యూటర్ సైన్స్ వాళ్ళు ఎత్తుకుంటే అల్గారిథమ్స్, డేటాబేస్ డిజైన్, క్లౌడ్ ముందుకొస్తాయి, బిజినెస్ అన్నది ఒకటి రెండు ఎలక్టివ్స్‌కి పరిమితం అవుతుంది. స్టాటిస్టిక్స్ వాళ్ళ చేతిలో ఉంటే ప్రాబబిలిటీ, రిగ్రెషన్, ప్రయోగాల డిజైన్ గట్టిగా వస్తాయి. బిజినెస్ స్కూల్ నడిపితే మార్కెటింగ్, ఫైనాన్స్, సప్లై చెయిన్ సమస్యల మీద డేటా ఎలా వాడాలో చెప్తారు, కోడింగ్ మాత్రం పలచగా ఉండే అవకాశం ఎక్కువ. ఇందులో ఎవరి తప్పూ లేదు, పాఠం చెప్పేవాళ్ళు తమకి బాగా వచ్చిందే బాగా చెప్తారు, ఒక డిపార్ట్‌మెంట్‌లో పాతికేళ్ళుగా ఉన్న ఫ్యాకల్టీ కొత్త పేరు పెట్టినంత మాత్రాన మారిపోరు కదా.

ఇలా జరగడానికి వెనక కథ కూడా ఉంది. ఈ సబ్జెక్టుకి ఒక్క ఊట లేదు. 1908లో గిన్నిస్ బీర్ కంపెనీలో పనిచేసే విలియం గోసెట్, తక్కువ శాంపిల్స్‌తో నమ్మకంగా ఎలా తేల్చుకోవాలి అన్న ఫ్యాక్టరీ సమస్య కోసమే ఇవాళ క్లాసులో చెప్పే టి-టెస్ట్‌కి పునాది వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం టైంలో ఆపరేషన్స్ రీసెర్చ్, అంటే ఉన్నవాటితో ఏది ఎలా చేస్తే అన్నిటికంటే మేలో లెక్కగట్టే ఆప్టిమైజేషన్ పని, ఎదిగింది. 1970లో ఐబీఎంలో ఎడ్గర్ కాడ్ రిలేషనల్ డేటాబేస్ (డేటాని టేబుల్స్‌గా పెట్టుకునే పద్ధతి) ఆలోచనని ప్రచురించాడు, 1974కల్లా అదే కంపెనీలో, ఆ టేబుల్స్ నుంచి డేటా అడిగి తెచ్చుకునే భాష ఎస్‌క్యూఎల్ తొలి రూపం వచ్చింది. అంటే స్టాటిస్టిక్స్ ఒక వైపు నుంచి, ఆప్టిమైజేషన్ ఒక వైపు నుంచి, డేటాబేస్‌లు ఇంకో వైపు నుంచి వచ్చి కలిశాయి. వీటిని కలిపి అనలిటిక్స్ పేరుతో విడి మాస్టర్స్ డిగ్రీగా పెట్టింది అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, 2007లో. 2012లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో డేటా సైంటిస్ట్ ఉద్యోగాన్ని ఆకాశానికెత్తుతూ ఒక వ్యాసం వచ్చాక ఆ పేరు అందరి నోళ్ళలో పడింది, డిగ్రీలు కూడా వరసగా మొదలయ్యాయి. ఉన్న పాత సబ్జెక్టులకే కొత్త బోర్డు కట్టిన కోర్సులు కొన్ని, నిజంగా కొత్తగా అల్లినవి కొన్ని, రెండూ పక్కపక్కనే అదే పేరుతో దొరుకుతాయి.

సిలబస్ బరువు ఎక్కడ పడుతోంది

ఈ రంగంలో పని ఎలా సాగుతుందో చెప్పడానికి క్రిస్ప్-డీఎం అనే పద్ధతిని చాలా చోట్ల చూపిస్తారు. 1996లో కొన్ని కంపెనీలు కలిసి మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఆరు మెట్లు ఉంటాయి: బిజినెస్‌ని అర్థం చేసుకోవడం, డేటాని అర్థం చేసుకోవడం, డేటా సిద్ధం చేయడం, మోడలింగ్, ఫలితాన్ని తూచడం, వాడుకలోకి తేవడం. ఆరింటిలో మోడలింగ్ ఒక్క మెట్టే. కానీ సిలబస్ పేజీ తీసి లెక్కపెడితే రిగ్రెషన్, డెసిషన్ ట్రీస్, క్లస్టరింగ్, టైమ్ సిరీస్, న్యూరల్ నెట్‌వర్క్స్ అంటూ ఆ ఒక్క మెట్టు మీదే సగం సబ్జెక్టులు కూర్చుని ఉంటాయి.

కారణం ఏంటంటే మోడలింగ్ నేర్పడం సులువు, మార్కులు వేయడం ఇంకా సులువు. జవాబు ఒకటే ఉంటుంది, పరీక్ష పెట్టొచ్చు, పుస్తకంలో రాయొచ్చు. "ఈ ప్రశ్న అడగాల్సిన ప్రశ్నేనా" అన్నదానికి మార్కులు ఎలా వేస్తారు? వంద మంది స్టూడెంట్లకి వంద రకాల చెత్త డేటా ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే క్లాసుల్లో శుభ్రం చేసిన డేటానే తిరుగుతూ ఉంటుంది. ఐరిస్ పూల డేటా దానికి పాత ఉదాహరణ, 1936లో రోనాల్డ్ ఫిషర్ పేపర్‌తో ప్రచారంలోకి వచ్చింది, 150 పూలు, మూడు జాతులు, ఒక్కో పువ్వుకి నాలుగు కొలతలు. నేర్చుకోవడానికి మంచిదే, కాకపోతే కంపెనీ డేటా అలా చేతిలో పెట్టినట్టు రాదు.

తప్పు ఉన్నా ఎర్రర్ రాని చోటు

క్లాసు డేటాకి, కంపెనీ డేటాకి మధ్య తేడా చెప్పాలంటే ఒక చిన్న లెక్క దగ్గరగా చూస్తే చాలు. ఆర్డర్ల టేబుల్ ఒకటి ఉంది, అందులో ఆర్డర్ నంబర్ 101, మొత్తం 900. ఐటమ్స్ టేబుల్ ఇంకోటి ఉంది, అందులో 101 కింద మూడు వస్తువులు, అంటే మూడు వరసలు. ఏ కేటగిరీ వస్తువు ఎంత అమ్ముడైందో చూద్దామని రెండు టేబుల్స్‌నీ ఆర్డర్ నంబర్ మీద జాయిన్ చేస్తే 101 మూడు సార్లు వస్తుంది, ప్రతిసారీ పక్కన 900 ఉంటుంది. ఇప్పుడు ఆ కాలమ్ కూడితే 2700. క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ఆ ప్రశ్న) హాయిగా నడుస్తుంది, ఎర్రర్ రాదు, డాష్‌బోర్డులో బార్ పైకి లేస్తుంది, అమ్మకాలు పెరిగాయని మీటింగ్‌లో అందరూ సంతోషిస్తారు. ఒక్క వస్తువే ఉన్న ఆర్డర్లకి లెక్క సరిగ్గానే వస్తుంది కాబట్టి పైపైన రెండు మూడు వరసలు చెక్ చేసినా తప్పు దొరక్కపోవచ్చు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఒక్కో టేబుల్లో ఒక వరస దేన్ని సూచిస్తుంది, ఆర్డర్‌నా, వస్తువునా, పేమెంట్‌నా అని ముందే అడగాలి, జాయిన్‌కి ముందు ఎన్ని వరసలు, తర్వాత ఎన్ని అని చూడాలి, మొత్తాన్ని అకౌంట్స్ వాళ్ళ లెక్కతో పోల్చాలి. ఇది అలవాటుగా రావాల్సిన జాగ్రత్త, ఒక లెక్చర్‌లో చెప్పేస్తే వచ్చేది కాదు, నాలుగైదు సార్లు దెబ్బ తగిలితేనే వస్తుంది. ఆ దెబ్బ యూనివర్సిటీలో తగలడమే మేలు, అక్కడ పోయేది మార్కులు మాత్రమే.

పెద్ద చోట్ల కూడా ఇలాంటివి జరిగాయి. 2020లో ఇంగ్లండ్‌లో పబ్లిక్ హెల్త్ సంస్థ దగ్గర దాదాపు 16,000 కొవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి, పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో షీట్‌కి 65,536 వరసలే పడతాయి, మిగతావి చప్పుడు లేకుండా తెగిపోయాయి. ఇంకోటి మరీ ఈ చదువుకి దగ్గరది. దేశాల అప్పు ఎక్కువైతే ఎదుగుదల పడిపోతుందని 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ రాసిన పేపర్‌ని చాలా ప్రభుత్వాల విధాన చర్చల్లో ఉదహరించారు. మసాచుసెట్స్ యూనివర్సిటీలో థామస్ హెర్న్‌డన్ అనే స్టూడెంట్ క్లాసు అసైన్‌మెంట్‌గా ఆ లెక్కని మళ్ళీ చేయబోతే రాలేదు. ఎక్సెల్ ఫార్ములా కింది దాకా లాగలేదు, ఐదు దేశాలు సగటులోంచి జారిపోయాయి. దానికి తోడు కొన్ని సంవత్సరాల డేటా వదిలేశారు, సగటు తీసిన పద్ధతిలోనూ ఇబ్బంది ఉంది. 2013లో అతను ప్రొఫెసర్లతో కలిసి వేసిన లెక్క ప్రకారం, అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు ఎదుగుదల మైనస్ 0.1 శాతం కాదు, 2.2 శాతం. వేరేవాళ్ళ లెక్కని మొదటి నుంచి మళ్ళీ చేసి చూడు అన్న ఆ అసైన్‌మెంట్ లాంటిది ప్రతి కోర్సులోనూ ఉండాలి, దానికి ఖర్చు కూడా పెద్దగా కాదు.

95 శాతం కరెక్ట్ అయినా పనికిరాని మోడల్

ప్రశ్న పెట్టుకోవడం ఎందుకు కష్టమో కస్టమర్లు వెళ్ళిపోవడం అనే సమస్యలో బాగా తెలుస్తుంది, దాదాపు ప్రతి అనలిటిక్స్ కోర్సులోనూ ఎక్కడో ఒకచోట ఇది వస్తుంది. మొదట "వెళ్ళిపోవడం" అంటే ఏంటి? నెలవారీ చందా ఉంటే రద్దు చేసుకున్న రోజు తెలుస్తుంది. అదే మామూలు షాపింగ్ అయితే ఎవరూ చెప్పి వెళ్ళరు, 30 రోజులు కొనకపోతే వెళ్ళినట్టా, 90 రోజులా? గీత ఎక్కడ గీస్తే నంబర్ అక్కడ వస్తుంది, మోడల్ కట్టకముందే జవాబు సగం తేలిపోయింది అన్నమాట.

సరే, గీత గీశారు అనుకుందాం. 1000 మంది కస్టమర్లలో 50 మంది వెళ్ళిపోతారు. "ఎవరూ వెళ్ళరు" అని కళ్ళు మూసుకుని చెప్పే మోడల్ 950 మంది విషయంలో కరెక్ట్, అంటే అక్యురసీ 95 శాతం. ఇంకో మోడల్ 100 మంది మీద అనుమానం పెట్టింది, వాళ్ళలో 35 మంది నిజంగానే వెళ్ళేవాళ్ళు, 65 మంది కాదు, దొరక్కుండా పోయినవాళ్ళు 15 మంది. దీని అక్యురసీ 92 శాతం. మార్కుల లెక్కన మొదటిదే గొప్పది, కానీ దానివల్ల ఒక్క కస్టమర్ కూడా ఆగడు.

రెండో మోడల్‌తో ఏం చేయొచ్చో చూద్దాం. ఆ 100 మందికీ ఆఫర్ ఇస్తే ఒక్కొక్కరికి ఖర్చు 10, మొత్తం 1000. వెళ్ళాల్సిన 35 మందిలో పది మంది ఆఫర్ వల్ల ఆగారు, ఒక్కొక్కరి వల్ల వచ్చేది 200, మొత్తం 2000. ఖర్చు పోను 1000 మిగిలింది. ఆగిన పది మంది నాలుగు మందికి తగ్గితే మాత్రం అదే మోడల్, అదే అక్యురసీ, నష్టం. అంటే లాభం నష్టం తేల్చింది అల్గారిథమ్ కాదు, ఆఫర్‌కి ఎంతమంది లొంగుతారు అన్న సంగతి, అది పాత డేటాలో ఉండదు, కొంతమందికి ఆఫర్ ఇచ్చి కొంతమందికి ఇవ్వకుండా ప్రయోగం చేస్తేనే తెలుస్తుంది. ఎవరు వెళ్తారు అన్నది ఒక ప్రశ్న, ఎవరిని ఆపగలం అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ఈ రెండోదాన్ని గట్టిగా నేర్పే కోర్సుకీ, నేర్పని కోర్సుకీ మధ్య తేడా చాలా పెద్దది, అందుకే ఏ/బీ టెస్టింగ్ (ఇలా రెండు గుంపులు పెట్టి చేసే ప్రయోగం), కారణ సంబంధాలు సిలబస్‌లో ఎలక్టివ్‌గా ఉన్నాయా, తప్పనిసరిగా ఉన్నాయా అని చూడాలి.

మొత్తం నంబర్ ఒక మాట చెప్తే విడివిడి నంబర్లు ఇంకో మాట చెప్పే సందర్భాలూ ఇలాంటివే. 1973లో కాలిఫోర్నియాలో బర్కిలీ యూనివర్సిటీ పీజీ అడ్మిషన్లలో అప్లై చేసిన మగవాళ్ళలో దాదాపు 44 శాతం మందికి, ఆడవాళ్ళలో 35 శాతం మందికి సీట్లు వచ్చినట్టు మొత్తం లెక్క చూపించింది. డిపార్ట్‌మెంట్ల వారీగా విడదీస్తే ఆ తేడా నిలబడలేదు, ఆడవాళ్ళు ఎక్కువగా పోటీ తీవ్రంగా ఉన్న డిపార్ట్‌మెంట్లకి అప్లై చేశారు. డాష్‌బోర్డు మీద ఒక్క నంబర్ పెట్టి వదిలేసేవాళ్ళు ఈ ఒక్క ఉదాహరణని చేత్తో వేసి చూసుకోవాలి.

మోడల్ బాగున్నా వాడని కథలు

చివరి మెట్టు, అంటే వాడుకలోకి తేవడం, చదువులో దాదాపు కనిపించదు. నెట్‌ఫ్లిక్స్ 2006లో తమ రికమండేషన్ల అంచనాని 10 శాతం మెరుగుపరిచినవాళ్ళకి పది లక్షల డాలర్లు అని పోటీ పెట్టింది, 2009లో ఒక టీమ్ గెలిచింది. గెలిచిన ఆ పూర్తి మోడల్‌ని కంపెనీ వాడలేదు. అదనంగా వచ్చే మెరుగుదల దాన్ని సిస్టమ్‌లో ఎక్కించే ఇంజనీరింగ్ కష్టానికి తగ్గట్టు లేదని తేల్చుకుంది, పైగా అప్పటికి వ్యాపారం డీవీడీల నుంచి స్ట్రీమింగ్‌కి జరిగిపోతోంది. ఇంకో పక్క అమెరికాలో జిల్లో కంపెనీ ఇళ్ళ ధరలు అంచనా వేసి నేరుగా ఇళ్ళు కొని అమ్మే వ్యాపారం నడిపి, ధరల్ని అనుకున్నంతగా ముందే ఊహించలేకపోతున్నామని 2021 నవంబర్‌లో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది, దాదాపు నాలుగో వంతు సిబ్బందిని తీసేసింది. మొదటిదాంట్లో మంచి మోడల్ ఖర్చు దగ్గర ఆగింది, రెండోదాంట్లో అంచనా మీద పెట్టిన డబ్బుకి తగ్గ గట్టితనం అంచనాలో లేదు. రెండూ పరీక్ష పేపర్లో అడిగే ప్రశ్నలు కావు.

ఏఐ టూల్స్ వచ్చాక ఏం మారింది

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఎస్‌క్యూఎల్ క్వెరీ, పైథాన్ చార్ట్, రిగ్రెషన్ కోడ్ అన్నీ మామూలు మాటల్లో అడిగితే వచ్చేస్తున్నాయి. దాంతో ఈ డిగ్రీ ఇంకా దేనికి అన్న సందేహం సహజం. పైన చెప్పిన జాయిన్ ఉదాహరణనే మళ్ళీ తీసుకుంటే సంగతి తెలుస్తుంది: టూల్ రాసిచ్చే క్వెరీ చక్కగా నడుస్తుంది, కానీ ఐటమ్స్ టేబుల్లో ఒక ఆర్డర్‌కి మూడు వరసలున్నాయని ఎవరూ చెప్పకపోతే అది కూడా 2700 అనే చెప్పొచ్చు, అదీ ఎంతో ధీమాగా. తప్పు పట్టాలంటే టేబుల్ తెలిసిన మనిషి కావాలి.

కాబట్టి కోడ్ టైప్ చేయడం వరకే నేర్పిన చదువు విలువ తగ్గింది, కోడ్ చదివి ఇది ఎక్కడ తప్పొచ్చో చెప్పగలగడం విలువ పెరిగింది. యూనివర్సిటీల వైపు నుంచి చూస్తే ఇంటికిచ్చే అసైన్‌మెంట్‌తో స్టూడెంట్‌కి ఎంత వచ్చో తేల్చడం కష్టమైపోయింది, ఎదురుగా కూర్చోబెట్టి "ఈ వరస ఎందుకు తీసేశావ్" అని అడిగే వైవా లాంటివే గట్టిగా నిలబడతాయి. తొలి ఉద్యోగాల సంగతి కొంచెం ఆందోళన కలిగించేదే. రిపోర్టులు లాగడం, ఫార్మాట్ మార్చడం లాంటి చిన్న పనులతోనే కొత్తవాళ్ళు కంపెనీ డేటా తెలుసుకునేవాళ్ళు, ఆ పనులు టూల్స్‌కి పోతే ఆ తొలి పాఠాలు ఎక్కడ దొరుకుతాయి అన్నదానికి కంపెనీలూ కోర్సులూ కలిసి దారి చూడాలి.

లెక్కలు ఎంత వరకు కావాలి

లెక్కలంటే భయపడి వెనక్కి తగ్గేవాళ్ళు చాలామంది, నిజానికి అంత అక్కర్లేదు. ప్రాబబిలిటీ, సగటు చుట్టూ విలువలు ఎంత చెదురుతాయి, శాంపిల్ నుంచి మొత్తం గురించి ఎంత నమ్మకంగా చెప్పొచ్చు, రిగ్రెషన్‌లో ఒక్కో నంబర్ అర్థం ఏంటి, ఇవి గట్టిగా రావాలి. మ్యాట్రిక్స్‌లు, కాల్క్యులస్ కొంచెం తెలిస్తే మోడల్ లోపల ఏం జరుగుతోందో ఊహ వస్తుంది. డేటా సైన్స్ వైపు వెళ్తే ఇవే ఇంకా లోతుగా కావాలి, అసలు రెండు డిగ్రీల మధ్య ప్రధానమైన తేడా ఇక్కడే.

సిలబస్ పేజీని ఎలా చదవాలి

సబ్జెక్టుల పేర్లు చూసి మోసపోయే అవకాశం ఎక్కువ. మెషీన్ లెర్నింగ్ అని ఎన్నిసార్లు ఉందో కాకుండా, డేటాబేస్ సబ్జెక్టు తప్పనిసరా, పూర్తి సెమిస్టర్ ఉందా అని చూడాలి. ప్రయోగాల డిజైన్ ఉందా చూడాలి. డేటా ప్రైవసీ, పక్షపాతం లాంటివి చివర్లో ఒక సెమినార్‌తో సరిపెడుతున్నారా, లేక మోడలింగ్ సబ్జెక్టులోనే కలిపి చెప్తున్నారా అన్నది కూడా ముఖ్యమే. యూరప్‌లో 2018లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చాక ఏ డేటా దేనికి వాడొచ్చు అన్నది చట్టం ప్రశ్న అయిపోయింది. అదే ఏడాది అమెజాన్ తయారు చేసుకున్న ఒక నియామకాల టూల్ ఆడవాళ్ళ రెజ్యూమెల మీద చిన్నచూపు చూస్తోందని, అందుకే పక్కన పెట్టేశారని బయటికి వచ్చింది. ఎక్కువగా మగవాళ్ళు పంపిన పాత రెజ్యూమెల నుంచే అది నేర్చుకుంది మరి.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది చివరి సెమిస్టర్ ప్రాజెక్ట్. ఆ ప్రాజెక్ట్‌కి డేటా ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ ఫైలా, లేక ఒక సంస్థ తన సిస్టమ్ నుంచి తీసిచ్చిందా? ప్రశ్న ప్రొఫెసర్ రాసిచ్చారా, లేక స్టూడెంట్లు ఆ సంస్థ వాళ్ళతో మాట్లాడి తేల్చుకోవాలా? ఆఖరి రోజు ప్రెజెంటేషన్ వినేది మార్కులు వేసే ఫ్యాకల్టీ ఒక్కరేనా, లేక ఆ జవాబుని బట్టి రేపు ఏదో ఒకటి మార్చాల్సిన మనిషి కూడా ఆ గదిలో ఉంటారా? ఈ మూడింటికీ జవాబు బ్రోషర్‌లో సాధారణంగా ఉండదు, ముందు ఏడాది చదివినవాళ్ళని అడిగితే పది నిమిషాల్లో తెలుస్తుంది.